ముందుగానే చెల్లించిన స్తోత్రం

“ఉప్పు చూడు,” అంది రోసమ్మ, గరిటె ముందుకు చాపి.

దేవకృప గరిటె అందుకోలేదు. దోసకాయ పప్పు అంచు మీంచి జారి పొయ్యి గట్టు మీద ఒక చుక్క పడింది.

“మీరే చూడండి అత్తయ్యా.”

“నేను ఉపవాసంలో ఉన్నాను.”

“మానేయండి.”

“మానేయడానికి నీ కోసం పట్టానా? దేవుడి ముందు పట్టాను.”

నిన్నటి నుంచీ ఇదే వరస. ఆదివారం ఆరాధన ముగిసేదాకా నిమ్మకాయ నీళ్ళు తప్ప మరేదీ ముట్టనని రోసమ్మ గురువారం పొద్దున చెప్పింది. కోపంతో మానేసిన అన్నమైతే బతిమాలవచ్చు, కసరవచ్చు, పక్కింటివాళ్ళ చేత చెప్పించవచ్చు. ప్రార్థన కోసం మానేసిన అన్నాన్ని ఎవరూ ఏమీ అనలేరు. ఆ సంగతి అత్తకీ తెలుసు, కోడలికీ తెలుసు.

ఉపవాసం ఉన్న మనిషి రుచి చూడకూడదు. ఆఫీసులకు వెళ్ళే నలభై క్యారేజీల వంట రుచి చూడకుండా మూత పెట్టకూడదు. ఇంట్లో మూడో మనిషి లేరు.

దేవకృప అరచేతిలో కాస్త పప్పు పోయించుకుని నాలుకకు తగిలించింది.

“కొంచెం తక్కువైంది.”

“కొంచెమంటే ఎంత?”

“కొంచెం.”

“ఆ ఎంతో నీకే తెలియాలి. నువ్వే వెయ్యి.”

వేసింది. కలిపింది. మళ్ళీ చూసింది. భర్త ఆషర్ ఉన్న రోజుల్లో ఈ వేళకి ఆమె బడిలో పాఠం చెబుతూ ఉండేది. ఈ వంటగదిలోంచి తన టిఫిను డబ్బా తీసుకుని వెళ్ళడం తప్ప ఇక్కడ ఆమెకు పని ఉండేది కాదు. ఇప్పుడు ఏ గిన్నెలో ఎంత ఉప్పు పడుతుందో చేతికి తెలిసిపోతోంది. తెలిసిపోతున్నందుకే ఆమెకు భయంగా ఉంది.

గట్టు మీద ఫోను మోగింది. ఆషర్ ఫోనే. ఆర్డర్లన్నీ ఇంకా ఆ నంబరుకే వస్తాయి. ‘అన్నా, ఇయ్యాల నాకొద్దు, ఊరికి పోతున్న’ అని ఎవరో రాశారు. ‘సరే’ అని కొట్టి ఫోను బోర్లా పెట్టింది దేవకృప.

“నన్ను ఒక్క మాట అడిగి ఉండాల్సింది అత్తయ్యా,” అంది నెమ్మదిగా.

“అడిగితే కాదనేదానివి.”

“కాదంటానని తెలిసే చెప్పారా?”

“నువ్వు కాదన్నా ఆయన అవుననిపిస్తాడని చెప్పాను. విశ్వాసమంటే అదే మరి.”

పోయిన ఆదివారం గుడిలో, దేవుడు చేసిన మేలు అందరికీ చెప్పుకునే సాక్ష్యాల వేళ రోసమ్మ లేచి నిలబడింది. తన కోడలు బడి ఉద్యోగం మానేసి, కొడుకు వదిలి వెళ్ళిన భోజనాల పని భుజాన వేసుకున్నందుకు దేవునికి స్తోత్రాలు చెల్లించింది. సంఘమంతా ఆమేన్ అంది. వెనక వరసలో కూర్చున్న దేవకృపకు ఆ సంగతి తెలియడం అదే మొదలు.

జరగబోయేదానికి ముందుగానే స్తోత్రం చెప్పడం వాళ్ళ సంఘంలో వింత కాదు. వీసా రాకముందే చెప్తారు. పెళ్ళి కుదరకముందే చెప్తారు. జరిగితే విశ్వాసం గెలిచిందంటారు. జరగకపోతే ఎవరూ గుర్తు చేయరు.

దేవకృప గుర్తు చేసింది.

“ఆషర్‌కి రైల్వేలో ఉద్యోగం వచ్చిందని కూడా ముందే స్తోత్రం చెప్పారు కదా.”

అన్న తర్వాత, అనకుండా ఉండాల్సిందని తెలిసింది.

రోసమ్మ పొయ్యి తగ్గించింది. గిన్నెలు వరసగా పేర్చి అన్నం సర్దడం మొదలుపెట్టింది. చారు గిన్నెలకు మూతలు బిగించింది. శుక్రవారం కోడిగుడ్డు తిననివాళ్ళ క్యారేజీలకు పిడి దగ్గర పచ్చ గుడ్డ కట్టింది. అన్నీ అయ్యాక, గోడ వైపు చూస్తూ అంది.

“రాలేదు. నిజమే. అయినా ఆ రైల్వే ఆఫీసు మెట్లు వాడు రోజూ ఎక్కాడు. క్యారేజీలు పట్టుకుని ఎక్కాడు. ఎక్కలేదని నువ్వు అనలేవు.”

దేవకృప గట్టు మీద పడ్డ పప్పు చుక్క తుడిచింది.

బయట ఆటో ఆగిన చప్పుడయింది. జంగయ్య గుమ్మంలోంచి తొంగి చూశాడు. ఆషర్ స్కూటరు మెట్టుగూడ దగ్గర లారీ కింద పడ్డాక క్యారేజీలు మోస్తున్నది అతని ఆటోయే.

“అమ్మా, అయిందా? లాలాగూడ కాడ జామ్ మస్తున్నది. లేటైతే నన్నే తిడ్తరు, మిమ్ముల ఎవలు ఏమనరు.”

“తీసుకెళ్ళు, అయింది.”

“మేడమ్ సుత వస్తరా ఇయ్యాల? మంచిదే. ఇగ దుకాణం మీదే గద మేడమ్. సోమవారం సంది ఇంకో ఆఫీసు గూడ షురూ అంటున్నది అమ్మ. నేను పెద్ద ట్రాలీ ఆటో మాట్లాడాలె.”

దేవకృప రోసమ్మ వైపు తిరిగింది. “ఇంకో ఆఫీసా?”

రోసమ్మ నిమ్మకాయ పిండుకుంటోంది. తల ఎత్తలేదు.

అప్పుడే దేవకృప సొంత ఫోను మోగింది. బడి కరస్పాండెంటు యేసురాజు గారు. ఆయనే సంఘ పెద్ద కూడా.

“మధ్యాహ్నం ఒకసారి రామ్మా. ఎలాగూ మానేస్తున్నారు కదా, ఆ లాంఛనం కూడా ముగించేద్దాం.”

*

క్యారేజీలు వెళ్ళే ఆఫీసుల్లో ఒకటి ప్యాట్నీ దగ్గర మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు పనిచేయడం లేదు. జంగయ్య రెండు సంచులు, దేవకృప ఒక సంచీ పట్టుకుని ఎక్కారు.

తలుపు తీస్తూనే లోపల కుర్చీలు కదిలాయి.

“వచ్చిండ్రు, వచ్చిండ్రు! అరే, ఆ ఫైళ్ళు తీయ్, కూర మీద పడ్తది మల్ల,” అని అరిచింది సుకన్య. బిల్లింగ్ సెక్షన్లో చిన్న ఉద్యోగం ఆ అమ్మాయిది. ఉండేది హాస్టల్లో. సంచి అందుకుని మూత తీసి వాసన చూసింది.

“దోసకాయనా! బతికించిన్రు అక్కా. మా హాస్టల్ సాంబార్ల చేతులు కడుక్కోవచ్చు తెలుసా? పొద్దున గది తిని వస్తే మధ్యాహ్నందాక ఇంటి మీద బెంగనే.”

“ఈమెకు ఇంటి మీద కాదక్కా, పప్పు మీద బెంగ,” అన్నాడు పక్క సీటు అబ్బాయి.

“నువ్వు మూస్కో. నీకు బయట సగం ప్లేటు బిర్యానీ అచ్చే పైసలకు గిక్కడ కడుపు నిండా దొరుకుతుంది, అయినా లొల్లి చేస్తవ్.” సుకన్య ఇటు తిరిగింది. “మా మేనేజర్ సారు లేడూ, బయట కేఫ్‌ల సాండ్‌విచ్ తిని ఫోటో పెడ్తడు. మల్ల లోపటికొచ్చి, సుకన్యా, జెర చారుందా అంటడు!”

అందరూ నవ్వారు. దేవకృపకు కూడా నవ్వు వచ్చింది. వచ్చాక, తను నవ్విందని గమనించింది.

కిటికీ పక్కన పద్మనాభం గారు అప్పటికే తన క్యారేజీ విప్పుకున్నారు. ఉప్పు బాగా తగ్గించిన కూర ఆయనకు రోసమ్మ విడిగా పెడుతుంది. ఆయన లేచి నిలబడ్డారు.

“కూర్చోండి సార్.”

“మీరు చూసుకుంటారని తెలిసిందమ్మా. మంచి మాట విన్నాం. అబ్బాయి పోయాక ఇక ఆపేస్తారేమో అనుకున్నాను. మా ఇంటావిడ ఉన్నన్నాళ్ళూ బాక్సు తెచ్చుకునేవాణ్ణి.” ఆయన కాస్త ఆగారు. “మీకు తెలియనిదేముంది.”

ఆమె తల ఊపింది. అవునన్నట్టా, కాదన్నట్టా, ఆయన అడగలేదు.

“సోమవారం సంది చపాతీ గూడ పెడ్తరంట గదక్కా? ఆంటీ ఫోన్ల చెప్పింది,” అంది సుకన్య, నోట్లో ముద్దతోనే. “పై ఫ్లోరోళ్ళు సుత పేర్లు ఇచ్చిన్రు. మీరు టీచర్ గద, అందర్ని లైన్ల పెడ్తరు ఇగ.”

దేవకృప ఖాళీ సంచులు మడిచింది.

మెట్లు దిగుతుంటే జంగయ్య వెనక్కి తిరిగాడు.

“ఏంది మేడమ్, గట్ల ఉన్నరు? మెచ్చుకున్నరు గదా.”

“అవును జంగయ్యా. అందరూ మెచ్చుకున్నారు.”

*

బడి ఆవరణలో భోజనాల వేళ అప్పటికే ముగిసింది. ఏడో తరగతి తలుపు తెరిచి ఉంది. ఎవరూ చెప్పకుండానే పిల్లలు లేచి నిలబడ్డారు. మూడు నెలల్లో కొందరు పొడవు పెరిగారు.

“మేడమ్, మీరు మాకు భోజనం పంపిస్తారంట కదా?” అని ముందు బెంచీలో అమ్మాయి అడిగింది. ఆ గొంతులో సంతోషం తప్ప మరేమీ లేదు.

“ఎవరు చెప్పారు?”

“ప్రేమమణి మేడమ్.”

బోర్డు దగ్గరున్న కొత్త టీచరు ప్రేమమణి సుద్దముక్క పట్టుకునే వందనం చేసింది. దేవకృప కూడా వందనం చేసి ముందుకు నడిచింది.

యేసురాజు గారు కుర్చీ చూపించారు. మంచినీళ్ళు తెప్పించారు.

“సార్, నేను మానేయడం లేదు. సోమవారంతో నా సెలవు అయిపోతుంది. మంగళవారం వస్తాను.”

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “ప్రేమమణి గారికి మాట ఇచ్చేశానమ్మా.”

“నన్ను అడగకుండానా?”

“సంఘంలో చెప్పారు కదా. అందరం ఆమేన్ అన్నాం.”

“నేను అనలేదు సార్.”

“కాదని కూడా అనలేదు కదమ్మా.”

పక్క గదిలోంచి పాఠం చదువుతున్న పిల్లల గొంతులు వినిపిస్తున్నాయి. ఎవరో ఒక పిల్లాడు వాక్యం మధ్యలో ఆగిపోయాడు. ఎవరైనా అందిస్తారా అని దేవకృప చెవులు అటే ఉన్నాయి. ఎవరూ అందించలేదు.

“నా ఉద్యోగం నాకు కావాలి సార్.”

“నాకు అర్థమైంది. మీ మీద నాకు ఎంత గౌరవమో మీకు తెలుసు. కాని రోసమ్మ గారు మన సంఘంలో పెద్దావిడ. కొడుకును పోగొట్టుకున్న తల్లి. ఆవిడ సాక్ష్యాన్ని నేను నా గదిలో కూర్చుని కొట్టేస్తే రేపు అందరూ ఏమంటారు?” ఆయన గొంతు తగ్గించారు. “ఒకటే దారి ఉంది. ఎల్లుండి సాక్ష్యాల వేళ మీరు లేవండి. మా అత్తగారు పొరబడ్డారు అని ఒక్క మాట చెప్పండి. ప్రేమమణి గారికి నేను సర్దిచెప్పుకుంటాను.”

“ఇక్కడ మీకు చెబితే చాలదా?”

“ఎక్కడ చెప్పిన మాట అక్కడే దిద్దాలమ్మా.”

“చెప్పకపోతే?”

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నారు. “చెప్పకపోతే ఆవిడ మాటే నిలుస్తుంది.”

*

ఇంటికి వచ్చేసరికి రోసమ్మ చాప మీద పడుకుని ఉంది. షుగరు మాత్ర పొద్దున ఎక్కడ పెట్టిందో అక్కడే ఉంది. అన్నం తినకుండా ఆ మాత్ర వేసుకోకూడదు. వేసుకోకుండానూ ఉండకూడదు.

“ఈ ఒక్క పూటకి గంజి తాగండి అత్తయ్యా. దేవుడు ఏమీ అనుకోడు.”

“ఆయన తరఫున నువ్వు మాట్లాడకు.”

“నా తరఫున మీరు మాట్లాడలేదా?”

రోసమ్మ కళ్ళు తెరిచింది. నవ్విందేమో అనిపించింది. కాదు.

“ఏమన్నాడు యేసురాజు?”

దేవకృప చెప్పింది. ఉన్నది ఉన్నట్టు, ఏమీ కలపకుండా చెప్పింది. రోసమ్మ లేచి గోడకు ఆనుకుని కూర్చుంది. మొహం బాగా పీక్కుపోయింది.

“అయితే మైకులో చెప్తావన్నమాట. మా అత్త అబద్ధం ఆడిందని.”

“పొరబడ్డారని.”

“ఏదైనా ఒకటే.”

“మీరే చెప్పవచ్చు కదా. తొందరపడ్డాను అని మీరే ఒక్క మాట అంటే నేను లేవక్కర్లేదు.”

“తొందరపడలేదు నేను. మూడు నెలలు చూశాను.” రోసమ్మ చీర కొంగు వేలికి చుట్టుకుంటోంది. “మీ అమ్మ ఫోను చేసినప్పుడు విన్నాను. ఇంకా ఎన్నాళ్ళుంటావే అక్కడ, అన్నది.”

“నేనేమన్నానో కూడా వినాలి కదా.”

“విన్నాను. నువ్వేమీ అనలేదు.”

ఆ రోజు తల్లితో ఎందుకు మాట్లాడలేదో దేవకృపకే సరిగ్గా తెలియదు. ఉంటానని చెప్పాలనిపించలేదు. వెళ్తానని చెప్పాలనీ అనిపించలేదు. మాట్లాడకుండా ఉంటే ఏదీ తేలకుండా ఉంటుందనుకుంది.

“బడి ఉంటే నీకు జీతం ఉంటుంది. జీతం ఉంటే ఎక్కడైనా గది దొరుకుతుంది,” అంది రోసమ్మ. “పొయ్యి మీద నలభై మంది అన్నం ఉన్న మనిషి ఇల్లు వదిలి కదలదు. నాకు అదొక్కటే తెలుసు. ఇంకే ఉపాయమూ తోచలేదు.”

“అంటే నన్ను కట్టేశారు.”

“అవును.”

అంత తేలిగ్గా ఒప్పుకుంటుందని దేవకృప అనుకోలేదు. కాదని వాదించి ఉంటే పోట్లాడగలిగేది. ఆమె గంజి గిన్నె అత్త పక్కన పెట్టి అవతలి గదిలోకి వెళ్ళింది. కొంతసేపటికి వచ్చి చూస్తే గంజి మీద మీగడలా పొర కట్టి ఉంది.

శనివారం సగం ఆఫీసులే. క్యారేజీలు తక్కువ. ఇద్దరూ పక్కపక్కనే నిలబడి వండారు. గరిటె చాపినప్పుడు రోసమ్మ ‘ఉప్పు చూడు’ అనలేదు. చాపింది. దేవకృప చూసింది.

*

ఆదివారం రోసమ్మ తెల్లచీర కట్టుకుని, చేయి పట్టుకోనివ్వకుండా మౌలాలి గుడిదాకా నడిచింది. దారిలో రెండుసార్లు ఆగింది. రెండుసార్లూ చెప్పుల పట్టీ సర్దుకుంటున్నట్టు వంగింది.

పాటలయ్యాయి. ప్రార్థన అయింది. “సాక్ష్యాలు చెప్పేవారుంటే రావచ్చు,” అన్నారు పాస్టరు గారు. కీబోర్డు అబ్బాయి ఎప్పటిలాగే సన్నగా వాయించడం మొదలుపెట్టాడు.

ఒకావిడ కూతురికి జ్వరం తగ్గిందని చెప్పింది. ఒకాయన ఇంటి రిజిస్ట్రేషను గురించి చెప్పాడు.

దేవకృప లేచింది. మైకు ఆమె చేతికి వచ్చింది. ముందు వరసలో యేసురాజు గారు బైబిలు మూసి ఒళ్ళో పెట్టుకున్నారు.

“దేవునికి స్తోత్రం. సంఘానికి నా వందనాలు.”

“వందనాలు,” అంది సంఘం.

“పోయిన ఆదివారం మా అత్తగారు ఇక్కడ ఒక సాక్ష్యం చెప్పారు.”

“ఆమేన్!”

“నేను ఉద్యోగం మానేసి, మా ఆయన చేసిన భోజనాల పని చేస్తానని చెప్పారు.”

“హల్లెలూయ! స్తోత్రం!” ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. కీబోర్డు మోత పెరిగింది. పక్కనున్న ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ దేవకృప వీపు నిమిరింది.

తరగతి గదిలో గోల తగ్గేదాకా ఆగినట్టు దేవకృప ఆగింది. చాలాసేపు ఆగింది. చివరి స్తోత్రం కూడా సద్దుమణిగాక అంది.

“ఆ మాట నన్ను అడిగి చెప్పింది కాదు.”

ఎవరూ ఆమేన్ అనలేదు. కీబోర్డు అబ్బాయి వాయించడం ఆపేశాడు. వీపు మీది చేయి జారిపోయింది.

యేసురాజు గారు వెనక్కి తిరిగి, చాలు అన్నట్టు తల ఊపారు. ఆయనకు కావలసిన మాట దాదాపు అయిపోయింది. మిగిలింది ‘పొరబడ్డారు’ అన్నదొక్కటే. అది అనేసి కూర్చుంటే మంగళవారం పొద్దున ఏడో తరగతి ఆమెది.

మూడు వరసల ముందు రోసమ్మ లేచింది. కొంగు తల మీంచి జారిపోయినా సర్దుకోలేదు. వెనక్కి తిరిగి, తన కుర్చీ వీపు ఒక చేత్తో పట్టుకుని, రెండో చేయి కోడలి వైపు చాపింది.

“మైకు ఇటివ్వు కృపా.”

“ఇవ్వమ్మా,” అన్నారు పాస్టరు గారు మెల్లగా. “పెద్దావిడ. ఉపవాసంలో ఉన్నారు.”

అందరి తలలూ దేవకృప వైపు తిరిగాయి. అత్త ఏం చెప్పబోతోందో ఆమెకు తెలియదు. తొందరపడ్డానని చెప్తుందేమో. మరో స్తోత్రం చెప్తుందేమో. మైకు ఇస్తే తెలుస్తుంది. ఇస్తే మళ్ళీ తన చేతికి రాదని మాత్రం ఆమెకు తెలుసు.

“నా మాట ఇంకా అయిపోలేదండీ,” అంది.

గుడిలో ఎవరో నోటి మీద చేయి పెట్టుకున్నారు. ఎవరో రోసమ్మ వెనక్కి కుర్చీ జరిపి, “కూర్చోండమ్మా, పడిపోతారు,” అన్నారు.

రోసమ్మ కూర్చోలేదు. చాపిన చేయి వెనక్కి తీసుకుని దాన్ని కూడా కుర్చీ మీద వేసింది. మొహం నిండా చెమట పట్టింది. చూపు మాత్రం కోడలి మీంచి కదల్లేదు.

“చెప్పు తల్లీ. నీది అయ్యేదాకా ఇక్కడే నిలబడతాను.”

దేవకృప మైకు నోటి దగ్గరికి తీసుకుంది. అత్త రెండు చేతుల కింద ఆ ప్లాస్టిక్ కుర్చీ కాళ్ళు గచ్చు మీద టకటక కొట్టుకుంటున్న చప్పుడు, స్పీకర్లలోంచి, గుడంతా వినిపిస్తోంది.